లేని తెగులుకు ఫోనులో వైద్యము

వరి దుబ్బు అడుగున రెండు మూడు ఆకులు పండి ఎండిపోయియుండుట చూచి ఏ రైతూ గాభరాపడడు. పైరు ఏపుగా పెరుగునప్పుడు అడుగు ఆకులు ఎండుట సహజమని అతడు ఎరుగును. కాని పొలము ముఖమెరుగని పట్టణవాసి నొకనిని గట్టు మీదికి తీసికొనిపోయి, ఆ ఎండుటాకులు చూపి, "అయ్యా, పైరంతా తెగులు పట్టినది, రేపటికి గింజ మిగలదు, ఇప్పుడే అయిదు వేలు ఇస్తే మందు కొట్టి నిలబెట్టెదను" అన్నచో ఆ పెద్దమనిషి బెదరి జేబులో చేయి పెట్టును. చూపిన ఆకులు నిజమైనవే. చెప్పిన తెగులు మాత్రము లేదు.

కంప్యూటరు విషయములో మనలో చాలమందిమి ఆ పట్టణవాసి వంటివారమే. "మీ కంప్యూటరుకు వైరసు పట్టినది, మేము కంపెనీవారము, ఫోనులోనే బాగుచేయుదుము" అని పలుకు మోసగాండ్రు బ్రదుకుచున్నది దీని మీదనే. వారి పద్ధతులెట్టివో, వారిని గుర్తుపట్టుట ఎట్లో, పొరపాటున వారి చేత చిక్కినచో తక్షణము చేయవలసిన పనులేవో ఈ వ్యాసములో వివరించుచున్నాము.

ఇది పట్టణములవారి గొడవ, మనకెందుకని పాఠకులు పేజీ త్రిప్పవద్దు. ఎరువుల దుకాణములో వ్రేలిముద్ర తీసికొని బస్తా ఇచ్చు యంత్రము మొదలు, అడంగలు నకలిచ్చు మీసేవ కేంద్రము వరకు నేడు అంతయు ఇంటర్నెట్ తోనే ముడిపడియున్నది. ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములను కంప్యూటరీకరించు పథకమును కేంద్ర ప్రభుత్వము 2022 జూన్ నెలలో ఆమోదించినది. అనగా ఊరి సొసైటీ లెక్కలు కూడ చిట్టా పుస్తకము నుండి తెర మీదికి వచ్చుచున్నవి. ఇక ఇంటిలో పిల్లవాని చదువు కొరకు కొన్న లాప్‌టాప్ సంగతి చెప్పనక్కరలేదు. పగలు దానితో పిల్లవాడు చదువుకొనును. రాత్రి దాని మీదనే తండ్రి బ్యాంకు ఖాతా తెరచి, ధాన్యము డబ్బు పడినదా లేదా అని చూచుకొనును. మోసగానికి కావలసినది ఆ లాప్‌టాప్ కాదు, దాని వెనుకనున్న ఆ ధాన్యము డబ్బు.

ఈ మోసము పుట్టిన తీరు

ఇది మన దేశమునుండియే పైదేశములకు పాకిన తెగులని చెప్పుకొనుటకు సిగ్గుపడవలసియున్నది. సుమారు 2008, 2009 సంవత్సరముల నుండి అమెరికా, ఇంగ్లండు, ఆస్ట్రేలియా మొదలగు దేశములలోని గృహస్థులకు ఫోనులు వచ్చుట మొదలైనది. "మేము మైక్రోసాఫ్ట్ కంపెనీ నుండి మాట్లాడుచున్నాము, మీ కంప్యూటరు నుండి మాకు ప్రమాద సూచనలు అందుచున్నవి" అనునది వారి పాట. 2012 అక్టోబరులో అమెరికా ప్రభుత్వపు ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఇట్టివారి మీద ఒకేసారి ఆరు వ్యాజ్యములు ప్రకటించినది. ఆ ముఠాలలో అధిక భాగము భారతదేశము నుండి పనిచేయునవే. లేని జబ్బును బాగుచేసినందుకు ఒక్కొక్కరి వద్ద 49 డాలర్ల నుండి 450 డాలర్ల వరకు గుంజిరి.

అంతటితో అది ఆగలేదు. 2018 అక్టోబరు, నవంబరు నెలలలో ఢిల్లీ చుట్టుపట్ల గల గురుగ్రామ్, నోయిడాలలో ఇట్టి దొంగ కేంద్రముల మీద పోలీసులు వరుసగా దాడులు జరిపిరి. 2023 అక్టోబరులో కేంద్ర దర్యాప్తు సంస్థ సి.బి.ఐ., మైక్రోసాఫ్ట్, అమెజాన్ కంపెనీల ఫిర్యాదులు కూడ ఆధారముగా, దేశములో 76 చోట్ల సోదాలు చేసినది. అదే 2023వ సంవత్సరములో ఈ విధమైన మోసముల వలన తమ సొమ్ము పోయినదని అమెరికావారి ఎఫ్.బి.ఐ.కి అందిన ఫిర్యాదుల మొత్తము 92 కోట్ల డాలర్లకు మించినది. మోసపోయినవారిలో అరువది ఏండ్లు దాటినవారే హెచ్చు. అమెరికాలోని బిడ్డల వద్దకు ఆరునెలలు ఉండి వచ్చుటకు వెళ్ళు మన పల్లెల తల్లిదండ్రులు ఈ మాట ప్రత్యేకముగా గుర్తుంచుకొనవలెను. పగలంతా పిల్లలు ఉద్యోగములకు పోయినపుడు ఇంటిలో మ్రోగు ఫోను ఎత్తునది వారే.

అదే విద్య ఇప్పుడు ఇంటివారి మీదికి కూడ మళ్ళినది. బయటివారిని దోచుట నేర్చినవాడు ఇరుగుపొరుగును విడుచునా?

తెర మీది కేకలు

మీరు రాత్రివేళ లాప్‌టాప్ తెరచి మిరప ధర కొరకో, క్రొత్త వరి రకము వివరముల కొరకో వెదకుచున్నారనుకొనుడు. ఎక్కడనో ఒక అక్షరము తప్పు పడినది, లేదా ఉచిత సినిమా చూపెదమను పేజీ నొకదానిని పిల్లవాడు తెరచియుంచినాడు. హఠాత్తుగా తెరయంతా నీలముగనో ఎఱ్ఱగనో మారును. సైరను మ్రోగును. "మీ కంప్యూటరు స్తంభింపజేయబడినది. మీ బ్యాంకు వివరములు దొంగిలింపబడుచున్నవి. కంప్యూటరు కట్టివేయవద్దు. వెంటనే ఈ నంబరుకు ఫోను చేయుడు" అని వ్రాతలు కనబడును. మూయుటకై ఎంత నొక్కినను ఆ పేజీ పోదు. పైగా ఒక ఆడగొంతు అదే హెచ్చరికను మరల మరల చదువుచుండును.

ఆ క్షణమున గుండె కొట్టుకొనుట సహజము. కాని తెర మీద కనబడునది ఏమిటో తెలిసికొన్నచో సగము భయము పోవును. అది కంప్యూటరు పలికిన మాట కాదు. బజారులో గోడకు అంటించిన వాల్‌పోస్టరు వంటి ఒక ఇంటర్నెట్ పేజీ మాత్రమే. గోడ మీది కాగితము మీ ఇంటి పెట్టెలో ఏమున్నదో చూడజాలదు. అట్లే ఆ పేజీ మీ కంప్యూటరును పరీక్షించి వైరసును కనుగొనజాలదు. తెరను నిండుగ ఆక్రమించి, మూయు గుర్తులను దాచి, ప్రాణము లేచిపోవునంత చప్పుడు చేయుట మాత్రమే దాని శక్తి.

ఇందు ఒక్క గుర్తు చాలును. నిజమైన హెచ్చరికలో ఫోను నంబరు ఉండదు. తన హెచ్చరికలలో ఫోను నంబరు ఎన్నడు ఇయ్యమనియు, అడుగకుండ ఎవరికిని ఫోను చేసి బాగుచేయుదుమని చెప్పమనియు మైక్రోసాఫ్ట్ కంపెనీయే ప్రకటించియున్నది. నంబరు కనబడిన మరుక్షణమే అది దొంగపేజీ అని నిర్ణయించుకొనవచ్చును.

దానిని వదిలించుకొనుటకు మెకానిక్కుతో పనిలేదు. కీబోర్డు మీద ఆల్ట్ మీటను అదిమిపట్టి ఎఫ్4 మీటను నొక్కినచో పేజీ మూసికొనిపోవును. అందుకును లొంగనిచో కంట్రోల్, ఆల్ట్, డిలీట్ అను మూడు మీటలను ఒక్కసారిగా నొక్కి, టాస్క్ మేనేజరు తెరచి, అందు బ్రౌజరు పేరు మీద నొక్కి ఎండ్ టాస్క్ అనవలెను. ఇదియు చేతగానిచో పవరు బొత్తామును పది క్షణములు అదిమిపట్టుడు. యంత్రము ఆరిపోవును. కట్టివేయవద్దని పేజీ చెప్పుచున్నదే అని సందేహింపనక్కరలేదు. కట్టివేసినచో వారి ఆట కట్టునని కదా ఆ మాట వ్రాసినది! తిరిగి వెలిగించినపుడు, పాత పేజీలను మరల తెరువనా అని బ్రౌజరు అడిగినచో వద్దనుడు. దాచుకొనని వ్రాతపని ఏదైన ఉన్నచో అది పోవచ్చును గాని మరే నష్టమును ఉండదు.

సెల్‌ఫోనులో కూడ ఇదే తంతు. ఫోను వణకును, "మీ ఫోనులో వైరసులు చేరినవి, ఈ యాప్ వేసికొనుడు" అని కనబడును. ఆ పేజీని మూసివేయుడు, చాలును. కొందరికి పేజీ మూసిన తరువాత కూడ రోజుకు పదిసార్లు ఇట్టి హెచ్చరికలు పైనుండి దిగుచుండును. ఎప్పుడో ఒక దొంగపేజీ "అనుమతించుదురా" అని అడిగినపుడు చూడక అవునని నొక్కిన ఫలితమది. బ్రౌజరు సెట్టింగులలో నోటిఫికేషన్ల జాబితా తెరచి, మీరెరుగని పేర్లన్నిటిని తీసివేసినచో ఆ బాధ వదలును.

ఫోనులో వైద్యుడు

నంబరుకు ఫోను చేసినచో, లేక వారే చేసినపుడు మాట్లాడినచో, అసలు నాటకము అప్పుడు మొదలగును. దీనిని కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. మోసము లోపలినుండి ఎట్లుండునో చూచినవారు మరల దానికి లొంగరు.

ఫోనులోని మనిషి మహా మర్యాదస్తుడు. "సార్, నమస్కారం అండీ, మీరేం కంగారుపడకండి, నేనున్నాను కదా" అని ఓదార్చును. తరువాత మీ చేతనే కంప్యూటరులోని ఈవెంట్ వ్యూయర్ అను దానిని తెరపించును. అందు ఎఱ్ఱ గుర్తులు, పసుపుపచ్చ ముక్కోణములు వరుసగా కనబడును. "చూశారా సార్, ఎన్ని వైరస్‌లు పట్టాయో! లెక్కపెట్టండి" అనును. మీరు లెక్కపెట్టజాలరు, అవి వందలుగా నుండును. నిజమునకు అది కంప్యూటరు తనకై తాను వ్రాసికొను దినచర్య పుస్తకము. ఒక ప్రోగ్రాము రెండు క్షణములు ఆలస్యముగా మొదలైనను, ఇంటర్నెట్ ఒక నిమిషము తెగినను, అది అందులో ఎఱ్ఱ సిరాతో వ్రాసికొనును. నిన్న కొన్న క్రొత్త కంప్యూటరులో కూడ అట్టి గుర్తులు ఉండును. మనము మొదట చెప్పిన వరి దుబ్బులోని ఎండుటాకులు ఇవియే.

కొందరు ఇంకొక ఎత్తు వేయుదురు. "మీ కంప్యూటరు గుర్తింపు నంబరు మా ఆఫీసు రికార్డులో ఉంది, నేను చదువుతాను, మీరు తెర మీద సరిచూసుకోండి" అందురు. మీ చేత ఏదో ఒక మాట టైపు చేయించగా 888 డి.సి.ఎ. 60 అని మొదలగు పొడవైన అంకె ఒకటి కనబడును. వాడు చదివినది, మీరు చూచినది అక్షరము పొల్లుపోక సరిపోవును. ఇక వీడు కంపెనీవాడే అని మీకు నమ్మకము చిక్కును. కాని ఆ అంకె విండోస్ కంప్యూటర్లన్నిటిలోను ఒక్కటే! సోదె చెప్పునామె "మీ ఇంటికి తూర్పున ఒక చెట్టున్నది" అని పలికినట్లు, ఎవరి ఇంటికైనను సరిపోవు మాట అది. మరికొందరు నల్లని కిటికీ ఒకటి తెరచి, కంప్యూటరులోని ఫైళ్ళ పేర్లు గిఱ్ఱున పరుగెత్తునట్లు చేసి, చివర "వైరసు దొరికినది" అని తామే టైపు చేయుదురు. చూచువారికి అది కంప్యూటరు వ్రాసినట్లే తోచును.

మీరు బెదరితిరని రూఢి కాగానే, "ఇక మేమే చూసుకుంటాం సార్, మీరు ఈ చిన్న యాప్ వేసుకోండి" అందురు. ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్ మొదలగు పేర్లు మీరు వినియుండవచ్చును. ఈ యాపులు స్వతహాగా చెడ్డవి కావు. హైదరాబాదులోని కుమారుడు ఊరిలోని తండ్రి లాప్‌టాప్‌ను అక్కడినుండియే సరిచేయుటకు పనికివచ్చును. కొడవలి కోతకును పనికివచ్చును, గొంతుకును పనికివచ్చును. ఆ యాప్ ఇచ్చు సంకేతపు అంకెను ఎవరికి చదివి చెప్పి, తెరమీది ప్రశ్నకు అవునని నొక్కుదురో, వారు మీ ప్రక్కన కూర్చుండి మీ కీబోర్డును వాడుచున్నట్లే. మీరు చూచునదంతా వారు చూతురు. కావలసిన ఫైళ్ళు తీసికొందురు. మీకు తెర నల్లగా కనబడునట్లు చేసి వెనుక తమ పని కానిచ్చుకొందురు. దొంగ చేతికి తాళములిచ్చి తలుపు దగ్గర కాపలా నిలుచున్నట్లు, మీరు ఫోను పట్టుకొని "కాసేపాగండి" అను మాట వినుచుందురు.

బాగుచేయు కూలి అని కొన్నివేలు పుచ్చుకొని వెళ్ళినవాడు వారిలో మంచివాడనుకొనవలెను. అసలు ఘాతుకము కొన్ని నెలలకు వచ్చును. "మా కంపెనీ మూతపడుతోంది, మీరు కట్టిన డబ్బు వాపసు ఇస్తాం" అని మరల ఫోను వచ్చును. పోయిన సొమ్ము వచ్చునని ఎవరు సంతోషింపరు? వాడు మరల మీ కంప్యూటరులో చేరి, మీ చేతనే బ్యాంకు ఖాతా తెరపించును. వాపసు కాగితములో 200 అని మీరు టైపు చేయుచుండగా వాడు అటునుండి రెండు సున్నలు చేర్చి 20,000 చేయును. వెంటనే అటు ఏడ్పు అందుకొనును. "అయ్యో సార్, పొరపాటున ఇరవై వేలు మీకు పడిపోయాయి, నా ఉద్యోగం పోతుంది, నాకు చిన్న పిల్లలున్నారు, మిగతాది దయచేసి తిరిగి పంపండి" అని ప్రాధేయపడును. మీ ఖాతాలో చూచినచో ఆ సొమ్ము నిజముగానే పడినట్లు కనబడును!

అది ఎట్లు కనబడినది? వాడు మీ ఒక ఖాతాలోని మీ డబ్బునే మీ ఇంకొక ఖాతాలోనికి మార్చియుండును. లేదా తెరమీది అంకెను మాత్రము దిద్దియుండును. కంప్యూటరులో తెరచిన ఏ పేజీనైనను చూచువాని తెర మీద తాత్కాలికముగ మార్చి చూపవచ్చును. బ్యాంకు చిట్టాలోని లెక్క చెక్కుచెదరదు, తెర మీది బొమ్మ మాత్రము మారును. వాడు పైసాయైన పంపలేదు. మీరు తిరిగి పంపునది మాత్రము మీ కష్టార్జితము. విదేశములలో ఈ సొమ్మును గిఫ్టు కార్డుల రూపమున కొనిపించి, వాటి వెనుకనున్న అంకెలను ఫోనులో చదివించుకొందురు. ఏ కంపెనీయు, ఏ ప్రభుత్వమును తనకు రావలసిన బాకీని గిఫ్టు కార్డులలో వసూలు చేయదు.

ఇందులో నన్ను ఎక్కువగా బాధించునది ఆ కడపటి ఏడ్పు. ఆశపోతులే మోసపోవుదురని లోకములో ఒక మాట కలదు. ఇక్కడ మోసపోవునది పరుల సొమ్ము తనకు వద్దనుకొను నిజాయితీపరుడు. ఎవరైన పొరపాటున డబ్బు వేసితిమని చెప్పినచో, "బ్యాంకుకు వెళ్ళి మేనేజరు గారితో మాట్లాడి తిరిగి వేయించెదను" అని చెప్పి ఫోను పెట్టివేయుడు. నిజముగ పడియున్నచో అది రేపటికి ఎక్కడికిని పోదు. పాసు పుస్తకము అచ్చు వేయించి చూడుడు, లేదా వేరొక ఫోనునుండి ఖాతా చూడుడు.

మన ఊళ్ళలో మారువేషము

మన వద్ద ఈ తెగులు కంప్యూటరు కంటె స్మార్ట్‌ఫోనును ఎక్కువగ ఆశ్రయించినది. ఇక్కడ వైరసు మాట అంతగా రాదు. గ్యాసు సిలిండరు రాలేదు, డబ్బు పంపగా అవతలివారికి చేరలేదు, బ్యాంకు యాప్ పనిచేయుట లేదు, ఇట్టి చిక్కు ఏదో వచ్చును. మీరు గూగుల్‌లో కస్టమర్ కేర్ నంబరు వెదకుదురు. పైన కనబడిన నంబరు కంపెనీదే అని నమ్ముదురు. కాని మోసగాండ్రు తమ నంబరునే ఆ కంపెనీ పేరుతో అక్కడక్కడ వ్రాసిపెట్టియుందురు. ఇక్కడ దొంగ మీ ఇంటికి వచ్చుట లేదు, మీరే వాని ఇంటికి దారి అడుగుచు పోవుచున్నారు.

"ఫిర్యాదు నమోదుకు పది రూపాయలు మాత్రం కట్టండి సార్" అనును. పది రూపాయలే కదా అని అనుకొందురు. ఆ పది రూపాయలు కట్టునపుడు మీరు నొక్కిన పిన్ అంకె, ముందే వేయించిన యాప్ ద్వారా వాని తెర మీద కనబడును. ఎనీడెస్క్ యాప్ ద్వారా ఇట్లు ఖాతాలు ఖాళీ చేయుచున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే బ్యాంకులను హెచ్చరించినది. క్రొత్త యాప్ వేయించుటకు మనుష్యులు జంకుచున్నారని, ఇప్పుడు కొందరు వాట్సాప్ వీడియో కాల్ చేసి, అందులోనే తెరను చూపు మీట నొక్కమందురు. ఫలితమొక్కటే.

పి.ఎం. కిసాన్ సొమ్ము ఆగిపోయినదని, ఈ యాప్ వేసికొని వివరములు సరిచేసికొనుడని వాట్సాప్‌లో వచ్చు ఫైళ్ళను గురించి రైతులు మరింత జాగ్రత్త వహింపవలెను. ఏ.పి.కె. అను అక్షరములతో ముగియు ఫైలును వాట్సాప్‌లో ఎవరు పంపినను, పంపినది మీ బావమరిదియే అయినను, తెరువకూడదు. అతని ఫోను ముందే దొంగల వశమై, అతని పేర అది ఊరంతటికి పోవుచుండవచ్చును. అట్టి యాప్ మీ ఫోనుకు వచ్చు సందేశములను చదివి, ఓ.టి.పి.లను దొంగలకు చేరవేయును. ఇంకొక మాట కూడ. మీకు డబ్బు వచ్చుటకు పిన్ నొక్కవలసిన పని ఎన్నడును లేదు. పిన్ అడిగినదనగా పోవునది మీ డబ్బే.

గ్రామోద్యోగులకు ప్రత్యేక మనవి

సొంత ఖాతాలో డబ్బు పోయినచో ఒక ఇంటి కష్టము. కార్యాలయపు కంప్యూటరు పరుల చేతికి చిక్కినచో ఊరి కష్టము. "జిల్లా ఆఫీసు ఐ.టి. సెక్షన్ నుంచి మాట్లాడుతున్నానండీ, సర్వర్ అప్‌డేట్ చేయాలి, ఎనీడెస్క్ నంబరు చెప్పండి" అని ఫోను వచ్చుట అసాధారణముగా తోచదు. నిజమైన సాంకేతిక సిబ్బంది కూడ అట్లే పనిచేయుచుందురు గనుక చిక్కంతయు ఇక్కడనే యున్నది. కావున ఎంత తొందర పెట్టినను, "మీ పేరు, హోదా చెప్పండి, నేను తిరిగి చేస్తాను" అని పెట్టివేసి, మీ యొద్ద ముందే వ్రాసియున్న కార్యాలయ నంబరుకు మీరే చేయవలెను. ఫోనులో కనబడిన పేరును నమ్మరాదు. పైయధికారి పేరు చెప్పి గద్దించినను ఇదే పద్ధతి పాటింపవలెను. నిజమైన అధికారి ఇందుకు కోపగించడు.

డిజిటల్ సంతకపు డాంగిల్‌ను పని కాగానే కంప్యూటరు నుండి తీసి బీరువాలో పెట్టుడు. చాలచోట్ల అది ప్రొద్దుటినుండి సాయంత్రము వరకు దానికి తగిలించియే యుండును, పాస్‌వర్డు ప్రక్క గోడమీద వ్రాసియుండును. దూరము నుండి కంప్యూటరులో చేరినవానికి ఈ రెండును దొరికినచో మీ సంతకము వాని చేతిలో ఉన్నట్లే. దాని క్రింద వెలువడిన కాగితమునకు జవాబు చెప్పవలసినవారు మీరు. ఒకే లాగిన్‌ను నలుగురు వాడు అలవాటు కూడ మానవలెను.

ఒక నిజమును కూడ ఇక్కడ చెప్పవలెను. విండోస్ 10కి కంపెనీ సాధారణముగ ఇచ్చు ఉచిత సహాయము 2025 అక్టోబరు 14తో ముగిసినది. పాత యంత్రములున్న కార్యాలయములకు, ఇండ్లకు ఇది ఆలోచింపవలసిన విషయమే. కాని దీనిని సాకుగా చూపి "మీ విండోస్ గడువు తీరినది, ఫోనులో పొడిగించెదము" అని ఎవరైన పలికినచో నమ్మరాదు. మార్పు చేయవలసినదంతయు యంత్రములోని సెట్టింగుల నుండియో, మీరెరిగిన మెకానిక్కు చేతనో జరుగవలెను. వైరసుల నుండి కాపాడు డిఫెండరు అను సాధనము విండోస్‌లోనే ఉచితముగ ఉన్నది. దానికై ఫోనులో ఎవరికిని రుసుము చెల్లింపనక్కరలేదు.

చేత చిక్కినచో

మొట్టమొదట ఇంటర్నెట్‌ను తెంపుడు. తీగ యున్నచో లాగివేయుడు, వైఫై యున్నచో దాని స్విచ్చి ఆర్పుడు, సెల్‌ఫోను నుండి ఇచ్చుచున్నచో ఆ ఫోనులో డేటా ఆపుడు. పిమ్మట యంత్రమును కట్టివేయుడు. ఫోనులోని వానితో వాదులాట పెట్టుకొనవద్దు. మీరు తిట్టుచున్నంతసేపును వాడు పనిచేసికొనుచుండును.

తరువాత ఇంటిలోని వేరొక ఫోనునుండి 1930 నంబరుకు చేయుడు. ఇది సైబరు ఆర్థిక నేరములకై కేంద్ర ప్రభుత్వము దేశమంతటికి ఏర్పరచినది. పోయిన సొమ్ము ఏ ఖాతాకు వెళ్ళినదో ఆ బ్యాంకుకు వర్తమానము పంపి, దొంగలు తీసికొనక పూర్వమే నిలుపుదల చేయుటకు ప్రయత్నింతురు. దొంగలు ఆ సొమ్మును గంటలలోనే నాలుగైదు ఖాతాలు మార్చుదురు కనుక, తెల్లవారనిమ్ము, తమ్ముడు రానిమ్ము అని ఆగకూడదు. సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్ అను ప్రభుత్వ వెబ్‌సైటులో కూడ ఫిర్యాదు వ్రాయవచ్చును. లావాదేవీ నంబరు, వచ్చిన ఫోను నంబరు, సందేశములు, తెర ఫోటోలు ఏవియు చెరిపివేయవద్దు.

బ్యాంకుకు తెలియజేయుటలో కూడ జాగు పనికిరాదు. రిజర్వు బ్యాంకు 2017 జూలై 6న ఇచ్చిన ఉత్తరువులలో, బ్యాంకు తప్పుగాని ఖాతాదారుని తప్పుగాని లేక జరిగిన మోసమును మూడు పనిదినములలో తెలిపినచో ఖాతాదారునకు నష్టబాధ్యత లేదని యున్నది. తన పిన్ తానే చెప్పుట వంటి అజాగ్రత్త వలన పోయినచో, బ్యాంకుకు తెలిపినంతవరకు పోయినది తానే భరింపవలెను, తెలిపిన తరువాత పోయినది బ్యాంకు భరింపవలెను. అనగా తెలిపిన క్షణమునకు విలువ కలదు. ఏ గంటకు, ఎవరికి చెప్పితిరో వ్రాసి, ఫిర్యాదు నంబరు అడిగి తీసికొనుడు. పాస్‌వర్డులన్నిటిని వేరొక యంత్రము నుండి మార్చుడు. దొంగ చేరిన కంప్యూటరును తెలిసిన మెకానిక్కు చేత శుభ్రముగ తుడిపించి క్రొత్తగ వేయించువరకు దానిలో బ్యాంకు పని చేయకూడదు.

సిగ్గుపడి దాచుట అన్నిటికంటె పెద్ద నష్టము. ఇంగ్లీషు దేశములలో జిమ్ బ్రౌనింగ్ అను మారుపేరుతో ఒకాయన కలడు. ఇట్టి దొంగ కేంద్రముల కంప్యూటర్లలోనికే చొరబడి వారి గుట్టు బయటపెట్టుట ఆయన పని. ఆయన సేకరించిన గురుగ్రామ్ కేంద్రపు దృశ్యములను 2020 మార్చిలో బి.బి.సి. వారు ప్రసారము చేసిరి. అట్టి ఆయనయే 2021 జూలైలో, యూట్యూబ్ సహాయక సిబ్బందినని పలికిన మోసగాని మాట నమ్మి, తన ఛానెల్‌ను తన చేతనే చెరిపివేసికొనెను. దానిని దాచక వెంటనే లోకమునకు చెప్పెను. కొద్దిదినములలో ఛానెల్ తిరిగి వచ్చినది.

ఇంటిలో పెద్దలు మోసపోయినపుడు పిల్లలు వారిని కసరరాదు. కసరిన ఇంట రెండవసారి జరిగినపుడు ఎవరును చెప్పరు. ఇట్టి రెండవసారి తప్పక వచ్చును. ఒకమారు మోసపోయినవారి పేర్లు, నంబర్లు దొంగల నడుమ చేతులు మారుచుండును. "సైబరు శాఖ నుంచి మాట్లాడుతున్నాం, పోయిన మీ సొమ్ము దొరికింది, విడుదల చేయడానికి ముందుగా కొంత రుసుము కట్టండి" అని కొన్ని వారములకో నెలలకో ఫోను రావచ్చును. ఆ నంబరును వ్రాసికొని, మీ మొదటి ఫిర్యాదు కాగితములతో జతచేసి పోలీసు స్టేషనులో ఇయ్యుడు.